మురికి కావలెను

నమోదు 212

ఇది వెన్నెలపాలెం అంటురోగ నివారణ విభాగం దినచర్య. రాస్తున్నది విభాగాధికారి సింహాచలం. విభాగంలో మరొకరు లేరు కాబట్టి గుమస్తా, బంట్రోతూ కూడా నేనే.

ఈ రోజు చేసిన పనులు. మూడో వీధిలో గాలి జల్లెడలు మార్చాను. బడి మొదలయ్యే ముందు పిల్లల గోళ్ళు చూశాను. గని నుంచి వచ్చినవాళ్ళ బూట్లకు అంటిన చంద్రధూళి దులిపించాను. బోనెలవారి వంటింటి తూములో జిగురు కనబడితే జరిమానా వేశాను. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు. తలుపు వేసిన తీరులోనే అన్నీ అనేసింది.

ఇక అసలు సంగతి. అప్పలనర్సమ్మ టీచరుగారి తీగ దగ్గర పుండు పడింది.

ఈ దినచర్య చదివే భూమ్మీది తనిఖీ అధికారులకు ఆవిడ ఎవరో తెలియకపోవచ్చు. చంద్రుడి మీద మా ఊరు తవ్వుతున్న తొలినాళ్ళలో శ్రీకాకుళం నుంచి వచ్చిన మొదటి టీచరు ఆవిడ. ఈ సొరంగాల్లో పుట్టి పెరిగిన ప్రతివాళ్ళకూ, నాతో సహా, భూమి నుంచి పనికి వచ్చిన పెద్దవాళ్ళకు కూడా, అక్షరాల కంటే ముందు చేతులు కడుక్కోవడం నేర్పారు. మా ఊరికి ఏటా శుభ్రతా షీల్డు వస్తోందంటే ఆవిడ చలవే. నేను ఈ ఉద్యోగంలో చేరిందీ ఆవిడ మాట మీదే.

కిందటేడు టీచరుగారి గుండె బాగా నీరసించింది. డాక్టర్ నీలోత్పల గుండెకు ఆనించి ఒక పంపు అమర్చారు. అప్పటినుంచి టీచరుగారి మణికట్టు పట్టుకుంటే నాడి దొరకదు. రొమ్ముకు చెవి ఆనిస్తే పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. పంపుకు కరెంటు మోసే తీగ పొట్ట మీద చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చి, భుజాన వేలాడే సంచిలోని బ్యాటరీలకు చేరుతుంది. ఆ రంధ్రమే మా భయం. సూక్ష్మజీవి అక్కడ దూరిందంటే తీగ పట్టుకుని తిన్నగా గుండె దాకా నడిచిపోతుంది.

పుండు ఎలా పడిందని డాక్టరుగారు ఆరా తీశారు. రోజుకోసారి మెత్తగా తుడిచి కట్టు మార్చుకోమంటే, టీచరుగారు మూడు పూటలా బ్రష్షు పెట్టి తోముతున్నారట. చర్మం చిట్లిపోయింది. డాక్టరుగారు కోప్పడబోయి ఆగిపోయారు. ఆవిడా టీచరుగారి దగ్గరే చదువుకున్నారు.

నమోదు 213

పుండులోంచి తీసిన చీములో ఏముందో పళ్ళెంలో పెంచి చూశాం. సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి. పళ్ళెంలో ఆకుపచ్చగా, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఉన్న మందులన్నీ వేశాం. ఒక్కదానికీ లొంగలేదు. తీగ చుట్టూ జిగురు గూడు కట్టుకుని అందులో కూర్చుందని డాక్టరుగారు చెప్పారు.

పంపు మొత్తం మార్చేయవచ్చు కదా అన్నాను. కొత్త పంపు భూమి నుంచి రావాలి. సరుకుల ఓడ మరమ్మతులో ఉంది. అది వచ్చినా ఈ వయసులో ఛాతీ మళ్ళీ తెరవడం డాక్టరుగారికి ఇష్టం లేదు, టీచరుగారికి అంతకన్నా ఇష్టం లేదు.

మిగిలింది ఫేజ్. ఫేజ్ అంటే బ్యాక్టీరియాను తిని బతికే వైరస్. మనుషుల జోలికి రాదు. ఒక్కో రకం ఫేజ్ ఒక్కో రకం బ్యాక్టీరియానే తింటుంది, మా ఊళ్ళో కొందరు ఒకే హోటల్లో తిన్నట్టు. ఆసుపత్రి ఫ్రిజ్‌లో భూమి నుంచి తెచ్చిన ఫేజ్ సీసాలు చాలా ఉన్నాయి. అన్నీ ప్రయత్నించాం. ఒక్కటీ మా సూడోమోనాస్‌ను ముట్టలేదు. అది ఇన్నేళ్ళలో ఇక్కడి పైపుల్లో పెరిగి, చంద్రుడి సరుకుగా మారిపోయిందట.

మన పైపుల్లో సూక్ష్మజీవి ఉందన్న మాట మింగడానికి నాకు కాస్త టైం పట్టింది. పైపుల్లోకి రోజూ సూక్ష్మజీవుల్ని చంపే నీలి కిరణాలు కొడతాను. ఆ కిరణాలకు సూక్ష్మజీవి జిగురులో దాక్కుంటే, దాన్ని తినాల్సిన ఫేజ్ కాస్తా చచ్చిపోయి ఉంటుందని డాక్టరుగారు అన్నారు. ఆవిడ తప్పుపట్టే స్వరంతో అనలేదు. అయినా నాకు అలాగే వినిపించింది.

అసలు ఫేజ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"మురుగులో. ఎంత కంపు కొడితే అంత మంచిది. నీ డిపార్టుమెంటే కదా, పట్టుకురా."

వెన్నెలపాలెంలో మురుగు లేదు. ఇంటి నుంచి పోయే ప్రతి చుక్కనూ కొలిమిలో మరిగించి, ఆవిరి చేసి, మళ్ళీ కుళాయికి పంపుతాం. ఆ ఏర్పాటు చేసినందుకు నాకు శాలువా కప్పారు.

నమోదు 214

ఉదయమే ప్రకటన చేయించాను. ఏ ఇంట్లోనైనా తూములో జిగురుగానీ, కుళ్ళిన కూరగాయగానీ, పాచిపట్టిన పాత్రగానీ ఉంటే విభాగానికి అందజేయవలెనని, టీచరుగారి వైద్యం కోసమని, జరిమానా ఉండదని.

ఎవరూ నమ్మలేదు. ఇన్నాళ్ళూ మురికి కోసం ఇళ్ళలో దూరి జరిమానాలు వేసినవాడు ఒక పొద్దున్నే వచ్చి మురికి పెట్టండమ్మా అని అడిగితే నేనైనా నమ్మను. ప్రకటన అయిన కాసేపటికి ఊళ్ళో నీళ్ళ వాడకం ఒక్కసారిగా పెరిగింది. అందరూ తూములు కడిగేసుకుంటున్నారు.

సీసాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. బోనెలవారి ఇల్లాలు తన తూములోకి నన్ను స్వయంగా దీపం పట్టి చూడమంది. అందులో నా ముఖం కనబడింది. మొన్న అక్కడున్న జిగురు ఎంత అపురూపమైందో తలచుకుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాతి ఇంట్లో మా దగ్గర అలాంటివి ఉండవు, ఎదురింటివాళ్ళను అడగమన్నారు. ఎదురింటివాళ్ళు వీళ్ళను అడగమన్నారు. గని మేస్త్రీ ఒకడు మాత్రం తన బావమరిది మేజోళ్ళు మూత బిగించిన డబ్బాలో పెట్టి తెచ్చి, రెండు చేతులా అందించాడు. ఆ సహకారానికి కృతజ్ఞతలు ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆరో వీధిలో ఒక పెద్దాయన గిన్నెడు నల్లటి ముద్ద ఇచ్చాడు. ఆశపడ్డాను. పరీక్షించి చూస్తే టీపొడిలో చంద్రధూళి కలిపి, కాస్త బెల్లం వేసి పిసికినది. టీచరుగారి కోసం అడిగితే లేదనలేక తయారు చేశాడట.

నమోదు 215

మేజోళ్ళలో రకరకాల జీవులున్నాయి గానీ మనకు కావలసింది లేదు.

పరీక్ష ఎలా చేస్తామో రాస్తాను. టీచరుగారి సూడోమోనాస్‌ను పళ్ళెం నిండా పచ్చికలా పెంచుతాం. దాని మీద ఊళ్ళో దొరికిన మురికినీటిని వడగట్టి చుక్కలు వేస్తాం. ఫేజ్ ఉంటే అది తిన్న చోట పచ్చికలో గుండ్రటి ఖాళీలు పడతాయి. ఈ పూట పళ్ళేలన్నీ నిండుగా, పచ్చగా, ఏపుగా ఉన్నాయి.

టీచరుగారికి జ్వరం మొదలైంది. చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని నర్సు గోళ్ళు పరీక్షిస్తున్నారు. కట్టు కింద నుంచి తీపి కుళ్ళు వాసన వస్తోంది. తన దగ్గర వాసన వస్తోందని ఆవిడకు తెలిసింది, నేను గమనించానని కూడా తెలిసింది. దుప్పటి పైకి లాక్కున్నారు. నేను కిటికీ వైపు చూశాను. సొరంగంలో కిటికీ అంటే గోడకు అంటించిన సముద్రం బొమ్మ.

ఊళ్ళో ఏం జరుగుతోందని అడిగారు. దాచకుండా చెప్పాను. ఇంటింటికీ తిరిగానని, ఎవరి దగ్గరా మురికి లేదంటున్నారని.  ఎవరి దగ్గరా లేదనడం నిజం కాదని, వాళ్ళందరినీ ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదునని, తనకు భయపడి చెప్పడం లేదని ఆవిడ అన్నారు. మైకు తెమ్మన్నారు.

మైకు పట్టుకుని ఊరంతటికీ వినబడేలా ఆవిడ మాట్లాడింది రెండు ముక్కలే. ఇది రాస్తుంటే కూడా నా వీపు నిటారుగా అవుతోంది.

"పిల్లలూ, మీ ఇళ్ళల్లో మురికి ఉన్నవాళ్ళు చెయ్యి ఎత్తండి. కొట్టను."

బయట వీధిలో గని నుంచి వస్తున్న మేస్త్రీలు, అరవై దాటినవాళ్ళతో సహా, నడక ఆపేసి నిలబడిపోయారు.

నమోదు 216

ఈ నమోదు రాయాలా వద్దా అని ఉదయమంతా ఆలోచించాను. రాస్తున్నాను.

గాలి జల్లెడల గదిలో ఉండగా తవిటినాయుడుగారు వచ్చారు. ఆయన మా ఊరి అధ్యక్షుడు. షీల్డు వచ్చిన ప్రతిసారీ వేదిక ఎక్కి అందుకునేది ఆయనే. తలుపు దగ్గరగా వేసి, నా ముందు నిలబడి, కుడి చెయ్యి భుజం దాకా ఎత్తారు. ఏదైనా కావాలేమో అనుకున్నాను.

"సింహాచలం బాబూ, నా దగ్గిర ఉన్నాది," అన్నారు.

ఏం ఉందని అడిగాను. నన్ను వెంటబెట్టుకుని పాత తవ్వకం సొరంగం వైపు నడిచారు. ఆ సొరంగం కూలే ప్రమాదముందని ఎన్నడో మూసేశారు, తాళం అధ్యక్షుడి దగ్గరే ఉంటుంది. తాళం తీయగానే వాసన కొట్టింది. నా ఉద్యోగ జీవితంలో అలాంటి వాసన ఎరగను. ముక్కు మూసుకోవడం మరిచిపోయి నిలబడ్డాను.

లోపల ఒక మడుగు. పైపులోంచి ఊరే నీటికి గట్టు కట్టి చేసింది. నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. అందులో బాతులు.

భూమ్మీద బాతు నీటి మీద తేలుతూ ఉంటుందని చదివాను. ఇక్కడి బరువు తక్కువ. ఒక బాతు మమ్మల్ని చూసి బెదిరి రెక్క ఒక్కసారి కొట్టింది, తిన్నగా వెళ్ళి కప్పుకు తగిలింది. తగిలిన చోట పాత పరుపు కట్టి ఉంది. సొరంగం కప్పంతా పరుపులే. ఆ బాతు తలకిందులై, ఏమీ జరగనట్టు ముఖం పెట్టి, దూదిపింజలా మెల్లగా మళ్ళీ మడుగులోకి దిగింది. దాని వెంట లేచిన నీటిచుక్కలు కూడా అంతే తీరిగ్గా దిగాయి. ఒకటి నా కాలరు మీద వాలింది.

ఊళ్ళో మనుషులు తప్ప ప్రాణమున్నదేదీ ఉండకూడదని నియమం. ఎప్పుడో ఎలుకలు గాలి యంత్రం తీగలు కొరికాక పెట్టింది. నియమం తప్పితే శిక్ష, వచ్చే ఓడలో భూమికి పంపేయడం. నాయుడుగారు ఇక్కడికి వచ్చి ముప్పయ్యేళ్ళ పైమాట. ఈ తేలిక బరువుకు అలవాటుపడ్డ ఆ ఎముకలు భూమ్మీద నిలబడవు. అక్కడికి వెళితే చక్రాల కుర్చీయే గతి.

అంతా తెలిసి ఎందుకు చేశారని అడిగాను. ఆయన మడుగు వైపు చూస్తూ చెప్పారు. ఓడెక్కే రోజున వాళ్ళమ్మ బాతుగుడ్లు మూటగట్టి ఇస్తే లోపలి జేబులో పెట్టుకున్నారట. దారిలో కూర వండుకోమని ఇచ్చిందట. దిగేసరికి అందులో ఒకటి కదిలిందట, వెనకే ఇంకో రెండు.

"కదిలినదాన్ని కూరెలాగ వండీది బాబూ," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "టీచరుగారికి మటుకు నా పేరు సెప్పకు. ఓడెక్కించీసినా పర్వాలేదు," అని బతిమాలుకున్నారు.

సీసా ముంచి నీళ్ళు పట్టుకున్నాను. గట్టు మీద నుంచి అడుగు మట్టి కూడా గోకాను. ఒక బాతు వచ్చి నా జేబులోని గ్లవ్‌ను పీక్కుపోయింది. ఆ నష్టం విభాగం ఖాతాలో చూపించాలి.

నమోదు 217

ఖాళీలు పడ్డాయి.

మొదట డాక్టరుగారు చూసి, పళ్ళెం నా చేతికిచ్చి కుర్చీలో కూర్చున్నారు. పచ్చటి సూడోమోనాస్ మీద, బాతుల నీటి చుక్క వేసిన ప్రతిచోటా, అద్దంలా తేటగా గుండ్రటి మచ్చలు. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. కలకండ దొరికిన పిల్లాడిలా ఉన్నావని డాక్టరుగారు అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు కాబట్టి నేను ఊరుకున్నాను.

ఆ మడుగుకూ మన కుళాయికీ పైపు ఒకటే. అదే సూక్ష్మజీవి అక్కడికీ చేరింది. అక్కడ కిరణాలు కొట్టే అధికారి లేడు గనక దాన్ని తినే ఫేజ్ హాయిగా బతికింది.

ఇక దాన్ని వేరు చేసి, పెంచి, విషాలు పోయేలా వడగట్టి, సూది మందుగానూ పూతమందుగానూ తయారు చేయాలి. జ్వరం ఎక్కువవుతోంది. పంపు ఒకటి రెండుసార్లు హెచ్చరిక మోగించింది. డాక్టరుగారు అన్నం తినడానికి కూడా లేవడం లేదు.

నమోదు 218

మందు సిద్ధమైంది. రోగి ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే అదేమిటో చెప్పాలి. డాక్టరుగారు నన్ను చెప్పమన్నారు. నేను వైద్యపరమైన సంగతి మీరే చెప్పాలన్నాను. ఇది మురికికి సంబంధించిన సంగతి, నీ విభాగం, అన్నారు.

టీచరుగారు దిండుకు ఆనుకుని ఉన్నారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఇది స్థానికంగా లభించిన సహజ వనరు నుంచి తీసిన మందు అని మొదలుపెట్టాను.

"సింహాచలం," అన్నారు. అంతే. నేను మూడో తరగతిలోకి వెళ్ళిపోయాను. బాతులు, మడుగు, రెట్టలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. పేరు ఒక్కటే మింగాను.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు.  వద్దంటారేమోనని డాక్టరుగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వడగట్టారా?"

వడగట్టామని, ఒకసారి కాదు మూడుసార్లు వడగట్టామని డాక్టరుగారు చెప్పారు.

"ఇంకోసారి వడగట్టండి. తర్వాత ఎక్కించండి."

వడగట్టాం. వైద్యపరంగా అవసరం లేదు. అయినా వడగట్టాం.

నమోదు 221

మధ్యనున్న రెండు నమోదులు చాలా చిన్నవి, చదవాల్సిన పని లేదు. వాటిలో భయం తప్ప మరేం లేదు.

ఇవాళ జ్వరం దిగింది. పుండు నుంచి చీము తగ్గి, అంచులు గులాబీ రంగుకు వస్తున్నాయి. ఫేజ్‌తో పాటు వేసిన పాత మందు కూడా ఇప్పుడు పని చేస్తోంది. జిగురు గూడు చిల్లులు పడ్డాక లోపలికి వెళ్ళగలుగుతోందట. పూర్తిగా పోయిందని మాత్రం డాక్టరుగారు అనరు. తీగ ఉన్నంతకాలం కాపలా తప్పదని, మళ్ళీ తిరగబడితే మళ్ళీ మడుగుకే వెళ్ళాలని అన్నారు. బ్రష్షు స్వాధీనం చేసుకున్నారు.

కాస్త తేరుకోగానే టీచరుగారు అడిగిన మొదటి మాట, చెయ్యి ఎత్తింది ఎవరని. నేను కట్టు డబ్బా సర్దబోయాను. ఈలోగా తవిటినాయుడుగారే తలుపు దగ్గర కనిపించారు. రోజూ వచ్చి గుమ్మం అవతల నిలబడి పోతున్నారని నర్సు తర్వాత చెప్పింది. లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డారు. ఊరి అధ్యక్షుడు.

"వాటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటున్నావా?"

"ప్రెతీసారీ టీచరుగారూ. సబ్బెట్టి."

చేతులు చూపించమన్నారు. చాపారు. ఆవిడ ఆ చేతులు తిప్పి తిప్పి చూసి, వదలకుండా అలాగే పట్టుకున్నారు. నాయుడుగారి భుజాలు కదలడం మొదలైంది. నేనూ డాక్టరుగారూ సముద్రం బొమ్మ చూస్తూ నిలబడ్డాం.

నమోదు 240

నియమం ప్రకారం ఈ విషయం భూమికి నివేదించాను. అబద్ధం రాయలేదు. పాత సొరంగంలో ప్రాణరక్షక ఔషధ నిల్వను కనుగొన్నామని, దాని సంరక్షకుడిగా శ్రీ తవిటినాయుడు సొంత బాధ్యత మీద పనిచేస్తున్నారని, నిల్వ తనంతట తాను పెరుగుతోందని రాశాను.

కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. ఔషధ నిల్వను ఏ యంత్రాలతో నడుపుతున్నారో, వాటి తయారీదారు ఎవరో తెలపాలట. యంత్రాలు స్థానికంగా తయారైనవని, రెక్కలు ఉన్నవని, విద్యుత్తు అక్కరలేదని తెలిపాను.

తర్వాతి జవాబు రావడానికి బాగా ఆలస్యమైంది. ఆ గదిలో ఎంత గొడవ జరిగి ఉంటుందో ఊహించుకున్నాను. ఆ రోజుల్లో నాయుడుగారు ఇంట్లో సామాను సర్దుకుని, పరుపులు ఎలా మార్చాలో, మేత ఎంత వేయాలో నాకు నేర్పడం మొదలుపెట్టారు. ఊళ్ళో సగం మంది సంతకాలు పెట్టిన విజ్ఞప్తి వెళ్ళింది. మిగతా సగం మంది సంతకాలతో పాటు తమ ఇళ్ళలో ఉన్న మురికి వివరాలు కూడా రాసి పంపారు. ఊరంతా శిక్షార్హులమే అని తేలింది. ఒకావిడ మంచం కింద తేనెటీగలున్నాయి.

చివరికి వచ్చింది ఒక్క వాక్యం. ఔషధ నిల్వ, సంరక్షకుడితో సహా, యథాస్థానంలో కొనసాగవచ్చు.

నమోదు 242

ఈ ఉదయం టీచరుగారు మడుగు చూస్తానన్నారు. డాక్టరుగారు వద్దన్నారు. తర్వాత, చూడ్డానికి మాత్రమే అన్నారు. తర్వాత, తీగకు, కట్టుకు నీటి చెమ్మ తగలని తొడుగు వేసి, నడుముకు బిగించి కట్టి, తామూ వెంట వచ్చారు. బ్యాటరీల సంచి నేను మోశాను.

సొరంగం తలుపు తీయగానే టీచరుగారు ఆగారు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారనుకున్నాను. పెట్టుకోలేదు. గట్టిగా ఊపిరి పీల్చారు, ఇంకోసారి పీల్చారు. వంశధార ఒడ్డున వాళ్ళ ఊరి వాసన అని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ గుర్తు రాలేదని చెప్పారు. మాకు చెప్పినట్టు లేదు.

బాతులు పైకెగిరి, పరుపులకు తగిలి, ఒక్కొక్కటే దిగాయి. ఆవిడ నవ్వారు. ఆవిడ అలా నవ్వడం ఎన్నడూ చూడలేదు కాబట్టి జబ్బేమోనని డాక్టరుగారు పంపు మీటరు చూశారు.

నాయుడుగారు గట్టు మీద కుర్చీ వేశారు. టీచరుగారు కూర్చుని, చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, పాదాలు బురదలో పెట్టారు. డాక్టరుగారు నోరు తెరిచి, చీలమండ దాటకూడదని మాత్రం అన్నారు. ఒక బాతు వచ్చి టీచరుగారి కాలి వేలిని కొరికి చూసి, తినేది కాదని తేల్చుకుని పోయింది.

నేను సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను. వెన్నెలపాలెంలో పుట్టినవాణ్ణి. ధూళి తెలుసు, జిగురు తెలుసు, పాచి తెలుసు. ఇది తెలియదు.

"చూస్తావేంరా," అన్నారు టీచరుగారు. "బూట్లు విప్పు."

నియమావళిలో దీని గురించి ఏముందో గుర్తు చేసుకోబోయాను. ఆవిడ నా వైపే చూస్తున్నారు. విప్పాను. మేజోళ్ళు కూడా విప్పి మడతపెట్టి జేబులో పెట్టుకుని, బురదలో అడుగు వేశాను.

చల్లగా ఉంది. పాదం కింద నుంచి కదిలి, వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది. కాలు తీయబోతే వదల్లేదు.